ఉప్పుబండికి తుప్పు కమిటీ

ఒక పెద్ద అడవిలో మంచు పడే కొండ ఉంది. ఆ కొండ కనుమ దాటితేనే అవతలి లోయలో ఎండుగడ్డి దొరికేది. చలికాలంలో కనుమదారి గడ్డకట్టి, కాలు పెడితే జారేది. అందుకని పట్నంవాళ్ళు వదిలేసిపోయిన పాత లారీలోకి ఉప్పు ఎత్తి అడవి జంతువులు దారంతా చల్లించేవి. లారీ వెనక ఒక పళ్లెం గిరగిరా తిరుగుతూ ఉప్పు చిమ్మేది, మంచు కరిగేది, జంతువులు దాటేవి. ఆ బండి ఆగిందంటే అడవికి పస్తే.

బండి నడిపేది గిట్టన్న అనే అడవిదున్న. సాయంత్రం అతను షెడ్డుకు రాగానే కొండమేకలన్నీ బండి మీద పడేవి. చక్రాలు, చట్రం, పళ్లెం, ఏదీ వదలకుండా నాకేవి. ఉప్పంటే మేకలకు ప్రాణం, నలుసు కూడా మిగిల్చేవి కావు. అందుకే ఆ బండికి ఏనాడూ తుప్పు పట్టలేదు. ఈ సంగతి అడవిలో ఎవరికీ తెలియదు, నాకే మేకలకు కూడా.

శీతాకాలపు దారుల కమిటీకి అధ్యక్షుడు ఎలుగయ్య. ఎలుగుబంటి కదా, తొలిమంచు పడకముందే గుహలో పడుకుని వసంతంలో లేచేవాడు. చలికాలం గొడవల్లో ఎవరి పక్షమూ వహించడని అందరూ కలిసి ఎన్నుకున్నారు.

ఆ ఏడు కమిటీకి కొత్త కార్యదర్శి వచ్చాడు, మర్కటేశ్వర్రావు అనే కొండముచ్చు. పట్నంలో లారీల డిపో కప్పు మీద కొన్నాళ్ళు కాపురం చేసినవాడు, కాబట్టి ఇంజనీరు.

"అధ్యక్షా, బండి మీది ఉప్పు సర్కారు ఉప్పు. దాన్ని మేకలు అందరి కళ్ళముందే నాకేస్తున్నాయి. పైగా ఎంగిలి తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. ఇది సైన్సు" అన్నాడతను.

"ఇన్నేళ్ళూ పట్టలేదు గదండీ?" అన్నాడు గిట్టన్న.

"ఇన్నేళ్ళూ పట్టలేదంటే, ఇప్పుడు పట్టబోతోందన్నమాట!"

ఎలుగయ్య అప్పటికే ఆవులిస్తున్నాడు. తీర్మానం మీద పంజా ముద్ర వేసి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

షెడ్డు చుట్టూ ముళ్ళకంచె లేచింది. మేకల పెద్ద గెడ్డమ్మ కంచె దగ్గరికొచ్చి బతిమాలింది. "ఒక్క చక్రమైనా నాకనీ నాయనా. నోరు చప్పబడి చచ్చిపోతున్నాం."

"దరఖాస్తు పెట్టుకో" అన్నాడు కార్యదర్శి.

గెడ్డమ్మ దరఖాస్తు రాయించుకుని బయల్దేరింది గానీ, దారిలో ఆకలేసి దాన్ని తినేసింది.

నెల తిరక్కుండానే బండి మీద ఎర్రమచ్చలు లేచాయి. మర్కటేశ్వర్రావు ఉప్పు కడిగించకుండానే పైన పచ్చరంగు కొట్టించాడు. రంగు పొక్కింది. దాని మీద నీలం కొట్టించాడు. పైకి బండి పెళ్ళికూతురిలా ఉంది, లోపల రేకు నొక్కితే అప్పడంలా విరుగుతోంది.

గిట్టన్నకు ఏడుపొక్కటే తక్కువ. "అయ్యా, నా బండి తుప్పుపట్టి చచ్చిపోతోంది" అన్నాడు.

"తుప్పు అనకూడదు. వయసు మచ్చలు అనాలి. లేకపోతే జనం కంగారుపడతారు."

ఇంతలో పెద్దమంచు పడింది. ఇళ్ళలో గడ్డి అయిపోయి అడవంతా కనుమ మొదట్లో నిలబడింది. కార్యదర్శి బండిలోని ఉప్పుకుప్ప మీదెక్కి కూర్చుని "పోనీ" అన్నాడు. బండి ఎత్తు ఎక్కుతుండగా అడుగు రేకు ఫెళ్ళున ఊడింది. ఉప్పంతా ఒకేచోట కుప్పైంది. కార్యదర్శి వాలులో జారి జారి, సరాసరి గుహలో నిద్రపోతున్న ఎలుగయ్య పొట్ట మీద పడ్డాడు. వెనకే బండి కూడా జారుకుంటూ వచ్చి గుహ ముందు ఆగింది, దాని వెంట అడవంతా పరుగెత్తుకొచ్చింది.

ఎలుగయ్య కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు.

"ఈ తెల్లటిదేమిటయ్యా?"

"మంచండీ" అన్నాడు గిట్టన్న.

"ఓహో! మన కమిటీ దీని గురించేనా?"

అంటూ ఒకడుగు వేసి వెల్లకిలా పడ్డాడు. పడ్డచోటు నుంచే బండిని ఎగాదిగా చూశాడు. నీలంరంగు కూడా అంతా పొక్కిపోయింది గానీ ఎడమవైపు వెనక మడ్‌గార్డు మాత్రం తళతళలాడుతోంది.

"ఇదొక్కటీ ఇలా ఉందేం?"

గెడ్డమ్మ తల వంచుకుంది. "తప్పైపోయింది సామీ. అది కంచె పక్కనే ఉండేది. సందులోంచి నా నాలుక అంతవరకే అందింది."

ఆ మాటకు గిట్టన్న పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే గెడ్డమ్మ మెడ మీద తల ఆనించి ఏడ్చేశాడు.

ఆ పూటే కంచె పీకేశారు, బండి అడుగుకు చెక్కలు బిగించారు, కుప్పైన ఉప్పును మళ్ళీ ఎత్తారు. మర్నాటికి దారి తెరుచుకుంది. అడవికి గడ్డి వచ్చింది. సాయంత్రం మేకలు తనివితీరా బండిని నాకాయి.

కమిటీ కూడా అత్యవసరంగా సమావేశమైంది. కొత్తగా నాలుకల శాఖ పెట్టి, దానికి మర్కటేశ్వర్రావునే అధికారిని చేశారు. అధ్యక్షులవారి నిద్రకు భంగం కలిగినందుకు విచారిస్తూ, వచ్చే చలికాలం నుంచి గుహ ద్వారానికి గడ్డి దట్టంగా కుక్కాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ గడ్డికి కాపలా ఎవరుంటారని అడిగితే, మేకలన్నీ ఒక్కసారే చెవులు రిక్కించి "మేముంటాం" అన్నాయి.

నీతి: చలికాలపు కమిటీకి నిద్రపోయే అధ్యక్షుడే మేలు, మేలుకుంటే ప్రశ్నలడుగుతాడు.