బాలసుబ్బయ్య సొంత సమాధి

ఆ ఆదివారం పొద్దున బాలసుబ్బయ్య వేసుకున్న పథకంలో పెద్ద కష్టమైనదేమీ లేదు. చీకటితో లేవాలి. తన సమాధి తనే తవ్వాలి. అందులోంచి రేకుడబ్బా తీసుకోవాలి. మధ్యాహ్నం లోపల కఫీల్ చేతిలో పాస్‌పోర్టు పెట్టాలి. అంతే. సౌదీకి పారిపోయి, యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన ఆ యజమాని నిన్ననే కబురు పంపాడు: "ఆదివారం మధ్యాహ్నానికి కాగితం చూపించినవాడికే పని. లేనివాడు ఖలాస్, వాడి దేశానికి వాడు."

సమాధి సంగతి మొదట చెప్పాలి. లేకపోతే బాలసుబ్బయ్యకి మతి పోయిందనుకుంటారు. మతి ఉంది, అక్షరాలే లేవు.

రాయచోటి దగ్గర పల్లె నుంచి కువైట్ వచ్చి ఆరేళ్ళుగా కబ్ద్ అనే ఎడారి ఊళ్ళో ఆ కఫీల్ తోట చూస్తున్నాడు. టమేటాలు, మేకలు, నీళ్ళ మోటారు, అతను. భార్య రెడ్డెమ్మ పట్నంలో అదే కఫీల్ ఇంట్లో పనిచేసేది. ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగగానే ఇంటి యజమానురాలు, రెడ్డెమ్మ 'మామా' అని పిలిచే ఆవిడ, పిల్లల్ని కారులో కుక్కుకుని సరిహద్దు దాటింది. పోతూ పోతూ మొగుడూపెళ్ళాల పాస్‌పోర్టులు రెండూ రెడ్డెమ్మ చేతిలో పెట్టింది. ఆమె పుణ్యం అదొక్కటే. మిగతాదంతా ఆమె బంగారంతో పాటు కారెక్కేసింది.

రెడ్డెమ్మ పట్నంలోనే ఖైతాన్‌లో రొట్టెల దుకాణంపై గదిలో తలదాచుకుంది. ఆ దుకాణంలో రొట్టెలు కాల్చేవాడు కడప యేసురత్నం. ఆదివారాల్లో నలుగుర్ని పోగేసి ప్రార్థన చెప్పేదీ ఆయనే. ఒకరోజు రెడ్డెమ్మ మూతకి గుడ్డ చుట్టి మైనం పోసిన బిస్కెట్ల డబ్బా ఆయనకిచ్చింది. "అన్నా, మా పాస్‌పోర్టులు. ఈడుంటే సోదాల్లో పోతాయి. మా ఆయప్పకిచ్చి యాడన్నా దాచిపెట్టమను."

డబ్బా తీసుకుని కబ్ద్ వచ్చాక యేసురత్నానికి ఉపాయం తట్టింది. "సుబ్బన్నా, ఈ సైనికులు కొత్తమన్ను కనపడితే తవ్వుతాండారు. సమాధిని మాత్రం ముట్టుకోరు." ఇద్దరూ గుంట తవ్వి డబ్బా పూడ్చాక, టమేటా పెట్టె చెక్కలు విరిచి సిలువ కొట్టి ఇచ్చాడు. బయట షేరింగు కారువాడు హారన్ కొడుతున్నాడు. "పేరు రాయి. పేరు లేని సమాధంటే అనుమానం వస్తాది" అని చెప్పి పరుగెత్తాడు.

పేరు రాయమంటే బాలసుబ్బయ్య రాయగలిగింది ఒకటే పేరు. పాస్‌పోర్టు మీద సంతకానికని మూడు నెలలు కుస్తీ పట్టి నేర్చుకున్న పేరు అది. తారులో పుల్ల ముంచి, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా తన పేరే రాశాడు.

తరవాత ఇరాకీ సైనికులు రెండుసార్లు వచ్చారు. మేకల్ని తోలుకుపోయారు. మోటారు ఊడబెరుక్కుపోయారు. సిలువ దగ్గర ఆగి "ఎవరు?" అని అడిగారు. "మా తమ్ముడు" అన్నాడు బాలసుబ్బయ్య. పాస్‌పోర్టు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు నిజంగానే వచ్చాయి. ఒక సైనికుడు జాలిపడి సిగరెట్టు ఇచ్చాడు. తన చావుకి తనే పరామర్శ అందుకుని, ఆ సిగరెట్టు తాగి, మళ్ళీ కాపలా కూర్చున్నాడు. ఏడున్నర నెలలు ఆ సమాధి పక్కనే పడుకున్నాడు. టమేటాలు ఉడకబెట్టుకుని ఎండు ఖుబ్బూస్ రొట్టెల్లో నంజుకుని బతికాడు. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, పుల్లగా చారు తాగితే చచ్చినా ఫరవాలేదనుకున్నాడు.

అటు ఖైతాన్‌లో ఆ ఆదివారానికే యేసురత్నానికీ ఒక పథకం ఉంది. ఆ రోజు ఈస్టరు. మన వైపు క్రైస్తవులు ఈస్టరునాడు తెల్లవారకముందే కొవ్వొత్తులతో సమాధుల తోటకి పోయి, పొద్దు పొడిచేవేళకి పాట ఎత్తుకుంటారు. ఏడు నెలలు దొంగచాటుగా, నోరు మూసుకుని ప్రార్థన చేసినవాళ్ళకి ఈసారి గొంతెత్తి పాడాలని ఉంది. మరి సమాధి ఏదీ? పట్నంలో శ్మశానం దారి బాంబులున్నాయని మూసేశారు. యేసురత్నానికి కబ్ద్ సమాధి గుర్తొచ్చింది. లోపల మనిషి ఉంటేనేం, బిస్కెట్ల డబ్బా ఉంటేనేం అనుకున్నాడు. "ఒక సోదరుని సమాధి ఉంది, పోదాం" అని ప్రకటించాడు. అబద్ధం ఆడానని అనుకోలేదు. వివరాలు తగ్గించాను, అంతే అనుకున్నాడు.

అలా పన్నెండుమంది ఒక డొక్కు పికప్పులో ఎక్కారు. రెడ్డెమ్మ క్రైస్తవురాలు కాదు గానీ, మొగుణ్ణి చూసి ఏడున్నర నెలలైంది. యేసయ్య పండగైతేనేం, బండి కబ్ద్ పోతోంది కదా అని ముందుసీటే పట్టింది. పండగకని అందరూ తెల్లబట్టలు కట్టారు. నూనెబావులు తగలబడి ఆకాశమంతా నల్లపొగ కదా, ఫర్వానియా దాటేసరికే ఆ తెల్లబట్టలు నువ్వులు చల్లినట్టు అయ్యాయి.

దారిలో తనిఖీ. అక్కడ తుపాకీ పట్టుకున్న అబ్దుల్ హమీద్ అనే కువైటీ కుర్రాడు ఇటలీలో చదువుకుంటూ సెలవులకి వచ్చి యుద్ధంలో ఇరుక్కున్నవాడు. ఈస్టరు అనగానే అతని మొహం వెలిగిపోయింది.

"ఈస్టరా! నేను మూడేళ్ళు చేసుకున్నాను. నాకు గది అద్దెకిచ్చిన ముసలమ్మ నా తలకాయంత చాక్లెట్ గుడ్డు ఇచ్చేది. పగలగొడితే లోపల బహుమతి ఉంటుంది. ఒక ఏడాది ఈల, ఒక ఏడాది తాళాల గొలుసు. మీ గుడ్డు ఏది?"

"మామూలు గుడ్లే దొరకడంలేదు బాబా" అన్నాడు యేసురత్నం.

"పాపం" అని హమీద్ నిజంగా బాధపడ్డాడు. బండిలో తలలు లెక్కపెట్టుకుని, "పన్నెండు. పోయినంతమందీ తిరిగి రావాలి, దారి దిగకండి. యల్లా" అన్నాడు.

ఆ వేళకి కబ్ద్‌లో బాలసుబ్బయ్య సిలువ పీకి తవ్విన మట్టికుప్ప మీద గుచ్చి, నడుములోతు గుంటలోంచి డబ్బా పైకి లాగాడు. మూత తీద్దామనేంతలో బండి చప్పుడైంది. ఏడున్నర నెలలుగా బండి చప్పుడంటే సైనికులే. డబ్బా గుండెకి కరుచుకుని గుంటలో వెల్లకిలా పడుకున్నాడు.

జనం వచ్చి మట్టికుప్పకి ఇవతల నిలబడ్డారు. కొవ్వొత్తులు వెలిగించారు. పొద్దు పొడవగానే పాట అని యేసురత్నం చెయ్యెత్తాడు. అయిదున్నర అయింది, ఆరు అయింది, ఆరున్నర అయింది. ఆ పొగలో సూర్యుడికి లేచే ఉద్దేశం ఉన్నట్టే లేదు. ఎత్తిన చెయ్యి దించలేక యేసురత్నం దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆ ఖాళీలో రెడ్డెమ్మ మొగుడి కోసం రేకులషెడ్డు అంతా వెతికింది. లేడు. తిరిగొచ్చి కొవ్వొత్తి సిలువ దగ్గర పెట్టి, అయిదో తరగతి చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

తరవాత ఆమె పెట్టిన కేకకి కొవ్వొత్తులు రెండు ఆరిపోయాయి.

"ఓ నా సామీ! నన్ను ఇడిసిపెట్టి పోతివా!"

యేసురత్నం కూడా చదివాడు. తను పెట్టించింది దొంగ సమాధి. పేరు చూస్తే నిజం. అంటే తరవాత ఎవరో నిజంగానే ఇతన్ని ఇందులోనే పూడ్చారన్నమాట. "దేవా, నా నోటితోనే శకునం పలికినానే" అని ఆయనా కూలబడ్డాడు.

గుంటలో బాలసుబ్బయ్య పెళ్ళాం గొంతు గుర్తుపట్టాడు. సంతోషంతో లేవబోయాడు. అప్పుడే ఆమె అంది: "నీయంత మంచోడు రాయచోటి తాలూకాలోనే ల్యాడు గదా సామీ!"

లేవబోయినవాడు ఆగాడు. పెళ్ళయి పదహారేళ్ళు. తన గురించి ఆ నోటి వెంట మంచిమాట వినడం ఇదే మొదలు. ఇంకొక్కటి విని లేద్దామనుకున్నాడు.

"కడప జిల్లా అంతా ఎతికినా నీ మాదిరి మనిషి దొరకడే!"

తాలూకా నుంచి జిల్లాకి వచ్చింది. ఇదే ఊపున పోతే రాష్ట్రం అంటుంది కదా. బాలసుబ్బయ్య డబ్బాని తలకింద సర్దుకున్నాడు.

"ఒక్క దినమన్నా నిన్ను సక్కంగా పిలిస్తినా? తిట్టినా గమ్మునుంటివే! ఇంట్లో అందరూ తిన్న తర్వాత మిగిలింది తింటివే!" బాలసుబ్బయ్యకి కళ్ళు చెమ్మగిల్లాయి. నిజమే, తను అలాంటివాడే. ఎవరూ చెప్పక ఇన్నాళ్ళూ తనకీ తెలియలేదు. మట్టికుప్ప అవతల పదిమంది ముక్కులు చీదడం వినపడుతుంటే, ఎంత మంచి మనిషి పోయాడోనని అతనికీ దిగులేసింది.

రెడ్డెమ్మ గుండెలు బాదుకుంది. "పాపిష్టిదాన్ని, నిన్ను మోసం జేసినా సామీ! ఆ డబ్బాలో పాస్‌పోర్టులు ల్యావు! రెండు గొడుగులు, పెండ్లి ఉంగరం, ఒక మేకపిల్లని పోగొట్టినోడివి, ఇవీ పారేస్తావని నా నడుముకే కట్టుకున్నా! నీ పాస్‌పోర్టు నువ్వు అడక్కుండా, యేసురత్నమన్నకి అనుమానం రాకుండా బరువుకి రెండు కేజీల చింతపండు కుక్కి పంపిస్తి! ల్యాని పాస్‌పోర్టుకి కాపలా కాసి సచ్చిపోతివే!"

గుంటలో మూత ఊడిన చప్పుడైంది. ఏడున్నర నెలలు మగ్గిన చింతపండు వాసన ఎడారి గాలిలోకి ఘుప్పున లేచింది. టమేటాలు, ఎండు ఖుబ్బూస్, సిగరెట్టిచ్చి ఓదార్చిన సైనికుడు, అన్నీ ఒక్కసారిగా బాలసుబ్బయ్య కళ్ళముందు తిరిగాయి.

నిలువెల్లా మసి పట్టిన మనిషి సమాధిలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మే రెడ్డెమ్మా! చింతపండా?"

తరవాత ఎవరు ఎటు పోయారో చెప్పడం కష్టం. కొవ్వొత్తులు ఒకవైపు, చెప్పులు ఒకవైపు, మనుషులు టమేటా పాదుల్లో. యేసురత్నం మాత్రం తిన్నగా పికప్పుకే పోయాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఈస్టరుకీ సమాధిలోంచి లేవడం గురించే ప్రసంగం చేసిన మనిషి. తీరా ఒకడు లేచేసరికి అందరికన్నా ముందు పరుగెత్తాడు. తలుపు కూడా వెయ్యకుండా బండి దూకించాడు.

తనిఖీ దగ్గర హమీద్ మీద పడ్డాడు. "లేచినాడు బాబా! సమాధిలో నుంచి లేచినాడు! నా కండ్లతో చూసినా!"

హమీద్ ఆయన చెయ్యి ఆప్యాయంగా ఊపాడు. "ముబారక్! మా ముసలమ్మ కూడా ఈస్టరు పొద్దున ఇదే చెప్పేది."

"అది కాదయ్యా, నిజంగా లేచినాడు!"

"ఆవిడా 'నిజంగా' అనేది. నువ్వు చాలా భక్తిపరుడివి" అని, అప్పుడు ఖాళీ బండి చూశాడు. "పన్నెండుమంది పోయారు. ఒక్కడివే వచ్చావేం? నడు వెనక్కి." తుపాకీ పట్టుకుని తనూ ఎక్కాడు.

తోటలో రెడ్డెమ్మ ఒక్కతే పారిపోలేదు. గుంట అంచున నడుముమీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"బతికే ఉండావా?"

"ఉండా."

"నేను గుండెలు బాదుకుంటాంటే పండుకోని ఇంటాంటివా?"

"జిల్లా దాకా వచ్చినావు గదా, ఇంకొంచెం పోతావేమోనని..."

అతన్ని పైకి లాగి, వీపుమీద రెండు వేసింది. మూడోది వెయ్యబోయి, ఆ మసి చొక్కా పట్టుకుని ఏడ్చింది. ఇందాకటి ఏడుపుకి రాగం ఉంది, మాటలున్నాయి. దీనికి ఏవీ లేవు. బాలసుబ్బయ్యకి ఏం చెయ్యాలో తోచక, "చారు కాస్తావా?" అని అడిగాడు.

హమీద్ వచ్చి అందరి కాగితాలూ అడిగాడు. రెడ్డెమ్మ అటు తిరిగి నడుముకి కట్టిన గుడ్డసంచి విప్పి పాస్‌పోర్టులు రెండూ తీసింది. ఫొటోలో ఉన్నవాడికీ ఎదుట ఉన్న బొగ్గుకీ పోలిక కుదరలేదు. ఆమె కొంగుతో మొగుడి మొహం సగం తుడిచింది. "చాలు, ఈ సగం ఇతనిదే" అన్నాడు హమీద్. తరవాత సమాధి చూశాడు, డబ్బా చూశాడు. అతని మొహం మళ్ళీ వెలిగింది.

"ఇదా మీ గుడ్డు! లోపల ఏం వచ్చింది?"

"చింతపండు" అన్నాడు బాలసుబ్బయ్య కోపం తగ్గకుండానే.

హమీద్ కొంచెం చిదిమి నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఈల కంటే నయం" అన్నాడు.

పాదుల్లోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఎందుకు పారిపోయావని ఎవరో అడిగితే యేసురత్నం నేల చూస్తూ, "చెప్తానే ఉండా గానీ, ఇట్ల ఎదురుగ్గా జరుగుతాదని ఎవరనుకున్యారు" అన్నాడు. ఎనిమిదింటికి పొగవెనక సూర్యుడు రాగినాణెంలా కనపడ్డాడు. అప్పుడు పాడారు, గొంతెత్తి, హమీద్ చప్పట్లు కొడుతుంటే.

మధ్యాహ్నం పన్నెండుకి పది నిమిషాల ముందు పాస్‌పోర్టులు కఫీల్ చేతిలో పడ్డాయి. ఇద్దరి పనీ నిలిచింది. సాయంత్రం తోటలో చారు కాగింది. బాలసుబ్బయ్య నాలుగు గ్లాసులు తాగాడు. రెడ్డెమ్మ ఆ నాలుగు గ్లాసుల్లోనే అతని గ్లాసు పట్టుకునే పద్ధతినీ, జుర్రే చప్పుడునీ, వాళ్ళ అమ్మనీ, వాళ్ళ ఊరినీ వరసగా తిట్టేసింది.

మర్నాడు కఫీల్ తోట చూడ్డానికి వచ్చి, ఆ గుంట పూడ్చెయ్యమన్నాడు. బాలసుబ్బయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఉండనీ అర్బాబ్. రాష్ట్రం ఇంకా మిగిలే ఉంది."