లీకు లేని కాఫీ మిషను

ఆదివారం పదింటికి కూతురు వచ్చేలోగా ఎస్ప్రెసో కాఫీ సిద్ధం చేయాలన్నది ప్లంబరు పథకం. రెండు వీధుల అవతలుండే ఆ పిల్ల, తల్లి పోయిన ఈ మూడు నెలలుగా క్యారియరు గుమ్మంలోనే ఇచ్చి వెళ్లిపోతోంది. అమ్మ లేని వంటగదిని చూడలేనంటుంది. ఒక్కసారి లోపల కూర్చుని కప్పు కాఫీ తాగితే చాలని తండ్రి ఆశ.

కొట్టువాడు కరెంటు మిషన్లు బోలెడు చూపించాడు. ఆయన అన్నిటి వాషర్లూ తడిమి, చివరికి పొయ్యి మీద పెట్టే చిన్నదాన్ని ఎంచుకున్నాడు. అడుగున నీళ్లు, మధ్యలో పొడి, ఆవిరి తోస్తే పైకి కాఫీ.

"దీని మరలు గట్టిగా బిగుస్తాయయ్యా," అన్నాడు తృప్తిగా.

పొడి వదులుగా వేయమని మిషనుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. వదులుగా వదిలేయడం ఆయన వృత్తిలో లేదు, సిమెంటులా కూరాడు. పొయ్యి వెలిగించిన కాసేపటికి మిషను పక్కనున్న చిన్న ఇత్తడి రంధ్రం బుస్సుమంది. లీకు కనబడితే చేతులు కట్టుకుని కూర్చోలేని మనిషి. దించి, చల్లార్చి, తెల్ల టేపు చుట్టి, పైన క్లాంపు బిగించి మళ్లీ పెట్టాడు. ఒత్తిడి ఎక్కువైతే ఆవిరి పోవడానికే ఆ రంధ్రం పెట్టారని మామూలు రోజుల్లో అయితే ఆయనకే తట్టేది. పాపం, మూడు నెలలుగా ఆయన మనసు మనసులో లేదు.

కప్పుల కోసం ముందుగదిలోకి వెళ్లాడో లేదో, వంటగది ఢామ్మంది.

పైవాటా టీచరమ్మ సిలిండరు పేలిందనుకుని కూతురికి ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ నాన్న... వంటగదిలో... తొందరగా రా!" ఆ కబురు మెట్లు దిగేసరికి అందులో ఇల్లు అంటుకుంది. వీధి మలుపు తిరిగేసరికి ప్లంబరు పోయాడు. ఇస్త్రీ ఆయన కొట్టు మూసేసి, బకెట్టుతో ఇసుక పట్టుకొచ్చాడు.

కూతురు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గర ఆగలేదు. లోపల తండ్రి స్టూలెక్కి పైకప్పుకంటిన పొడి గీకుతున్నాడు. నెత్తినుంచి కాఫీ కారుతోంది.

"నాన్నా! బతికే ఉన్నావా?"

"నేను ఉన్నానమ్మా. కాఫీయే పోయింది."

ఆమె తండ్రి భుజం మీద ఒక్కటిచ్చి, తల్లి కూరలు తరిగే చోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయనా దిగి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి. ఏడుపు తగ్గాక, సింకులో చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ఆ కుళాయి ఇంకా బాగుచెయ్యలేదా?" అంది ముక్కు తుడుచుకుంటూ. అచ్చం తల్లి గొంతే.

"రేపు చేస్తానమ్మా," అన్నాడు.

తల్లికి పదకొండేళ్లపాటు ఆయన చెప్పిన జవాబు కూడా అదే.