తాంబూలం వేసుకున్న చిత్రిక

బందరు కలెక్టరు కచేరీలో గుమాస్తా దక్షిణామూర్తికి దేవుడిమీద ఎంత నమ్మకమో తన చేతులమీదా అంత నమ్మకం. మొదటి నమ్మకంవల్ల ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు.

కిందటేడు భార్య వసుంధర విషజ్వరంతో మంచం పట్టినప్పుడు ఆయన మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నాడు. కొబ్బరికాయలనో అభిషేకమనో అనుకుని ఊరుకుంటే బాగానే ఉండేది. "నా చేత్తో టేకు పీట చేసి నీకు సమర్పించుకుంటాను స్వామీ" అన్నాడు. జ్వరం దిగింది. వసుంధర పథ్యం తిని, దిండుకు ఆనుకుని కూర్చుని, మొక్కు సంగతంతా విన్నది.

"మీరు పీట చేస్తారంటే స్వామి నమ్మాడా?" అని అడిగింది.

"నమ్మబట్టే నువ్వు లేచి కూర్చున్నావు."

అలా అన్నాడే గాని, ఆయనకూ లోపల దిగులు పట్టుకుంది. పీట సమర్పించవలసిన సుబ్రహ్మణ్య షష్ఠి దగ్గరపడుతోంది. పీట తయారు కాకపోతే స్వామి ఏమనుకుంటాడు? ఇచ్చిన ఆరోగ్యాన్ని వెనక్కి అడగడానికి ఆయనేమైనా తాసిల్దారా? అడగడనే అనిపించేది. కాని వసుంధర ఒక్కసారి తుమ్మితే చాలు, ఆ ధైర్యం కాస్తా జారిపోయేది.

టేకు పలక వచ్చింది. సీమకు వెళ్ళిపోతున్న ఒక దొరగారి సామాను వేలంలో పలకను నున్నగా చెక్కే కొయ్య చిత్రిక ఒకటి దొరికింది. దాని నోట్లో ఉలి, ఉలి కదలకుండా బిగించే కొయ్య చీల. ఉలి నెత్తిమీద సుతారంగా తడితే వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. చిత్రిక ఒంటిమీద తడితే పైకి పోతుంది. దక్షిణామూర్తి పచ్చడి బండతో తట్టాడు. ఉలి బెత్తెడు దిగి, పలకలో పంటకాలవ తవ్వింది. ఈసారి చిత్రిక ఒంటిమీద తడితే పూర్తిగా లోపలికి పోయింది. ఆపైన చిత్రిక, దూడ వీపు నిమిరినట్టు పలకను నిమరసాగింది.

"తప్పు నాది కాదు. సుత్తి సరైంది లేదు" అని ఆయన తేల్చాడు. ఇనప సుత్తి పనికిరాదు, ఉలి నెత్తి చితికిపోతుంది. ఒక పక్క ఇత్తడి, రెండో పక్క కొయ్య ఉన్న బుల్లి సుత్తి కావాలి. అది తానే చేసుకుంటాడు.

"అయితే ముందు సుత్తి, తరవాత పీటా?" అన్నది వసుంధర.

"అవును."

"సుత్తికి ముందు ఇంకేదైనా ఉందా?"

ఉంది. ఇత్తడి.

ఇక్కడ ఆయన అత్తగారు దుర్గాంబ గారిని గురించి చెప్పాలి. ఆవిడ ఆయనకు స్వయానా మేనత్త. నోట్లో పళ్ళు లేవు గాని తాంబూలం లేకుండా పూట గడవదు. అందుకని బుల్లి ఇత్తడి రోట్లో ఆకూ వక్కా, సున్నమూ కాచూ వేసి, బుల్లి ఇత్తడి రోకలితో మెత్తగా దంచుకుంటుంది. ఆ రోకలి బొటనవేలంత లావు, నున్నగా బంగారంలా ఉంటుంది. ఇన్నేళ్ళూ అది తన కళ్ళెదుటే ఉన్నా, అది సుత్తి అని దక్షిణామూర్తికి తోచలేదు.

ఆదివారం ఆవిడ కునుకు తీసిన వేళ రోకలి మాయమైంది. సైకిలు షాపు సత్యానందం దగ్గర ఇనుము కోసే రంపం, ఆకురాయి, బెజ్జం వేసే బరమా ఎరువు తెచ్చుకుని, దక్షిణామూర్తి కట్టెల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. స్వామి పీటకోసం అత్తగారి రోకలి తీసుకోవడం పాపమా, పుణ్యమా? స్వామి కార్యం కనుక పుణ్యమే. మరి గడియ ఎందుకు పెట్టుకున్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు దొరికేలోపల రోకలి రెండు ముక్కలైంది.

పిడికి ఏదైనా కర్ర కావాలి. మజ్జిగ కవ్వం సన్నగా, చేతికి ఇమిడేలా ఉంది. రెండో పక్కకు టేకు ముక్క కావాలి. ఇంట్లో ఉన్న టేకు ఒక్కటే, స్వామివారి పలక. దాని చివర కొంచెం కోశాడు. వంకరగా వచ్చింది, ఇంకొంచెం కోశాడు.

సుత్తి మాత్రం ముచ్చటగా కుదిరింది.

సాయంత్రం దుర్గాంబ గారు రోకలికోసం ఇల్లంతా వెతికింది. దొరకలేదు. నోట్లో తాంబూలం ఉన్నంతసేపూ ఆవిడ మాట్లాడదు. ఆ సాయంత్రం నోరు ఖాళీ. అల్లుడు పిల్లవాడుగా ఉన్నప్పుడు కోడూరు కాలవలో పంచె పోగొట్టుకుని తామరాకు చుట్టుకు వచ్చిన వైనం వీధి వీధంతా విన్నది. దక్షిణామూర్తి తట్టుకోలేక, "నేను దంచి తెస్తాను, ఇలా ఇయ్యి అత్తయ్యా" అని రోలు పట్టుకుని పెరట్లోకి పోయాడు.

సుత్తి ఇత్తడి వైపుతో దంచితే రోలు ఖణేలుమని మోగుతుందని టేకు వైపుతో దంచాడు. చప్పుడు కాలేదు. తాంబూలం మెత్తగా వచ్చింది.

"వెన్నలా ఉందిరా నాయనా" అన్నది అత్తగారు.

అంతే. పొద్దున్న ఒకటి, భోజనమయ్యాక ఒకటి, కచేరీ నుంచి రాగానే ఒకటి. వసుంధరేమో ఎన్నడూ లేనంత శ్రద్ధగా తమలపాకులు కడిగి అందించేది. మిగిలిన వేళల్లో ఆయన పీట చేసేవాడు. అదే సుత్తితో చిత్రికను అటూ ఇటూ తట్టేవాడు.

ఒకనాడు వసుంధర వచ్చి చిత్రికను తిప్పి చూసింది. నోటి చుట్టూ, ముక్కుమీదా ఎర్రటి మరకలు.

"ఏవండీ, ఇది తాంబూలం ఎప్పటినుంచి వేసుకుంటోంది?"

దక్షిణామూర్తి సుత్తి పంచెలో దాచుకున్నాడు. పంచె కూడా ఎర్రబడింది.

"టేకు పాలు" అన్నాడు.

"సున్నం కూడా సరిగ్గా పడినట్టుందే" అని ఆవిడ వెళ్ళిపోయింది.

షష్ఠి వచ్చేసరికి కాలవలు పోయేలా కోయగా చెక్కగా పీట పళ్ళెమంత మిగిలింది. మీద లేత ఎరుపు చారలు. దాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని, ఆడవాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని, పులిగడ్డ రేవు దాటి మోపిదేవి వెళ్ళాడు. పూజారిగారి ముందు గుడ్డ విప్పడానికి ఆయనకు చేతులు రాలేదు. వసుంధరే విప్పింది.

"మా వారి చేతిపని" అన్నది. ఆ మాటలో వేళాకోళం లేదు.

పూజారి పీటను అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి తీసుకువెళ్ళి స్వామివారి తాంబూలం పళ్ళెం కింద పెట్టాడు. కొలిచి చేసినట్టు అమరింది. దక్షిణామూర్తికి కళ్ళు చెమర్చాయి. ఇది స్వామి లీలా, తన పనితనమా అని మాత్రం తేలలేదు.

తిరుగు ప్రయాణంలో పడవ ఎక్కాక దుర్గాంబ గారు సంచిలోంచి రోలు తీసింది. దాంట్లో నిగనిగలాడుతూ కొత్త ఇత్తడి రోకలి.

"ఇదెక్కడిది?" అన్నాడు దక్షిణామూర్తి.

"మీరు కట్టెల గది గడియ పెట్టుకున్న మర్నాడే బజారునుంచి తెప్పించాను. కవ్వం కూడా" అన్నది వసుంధర.

"మరి ఇన్నాళ్ళూ నాచేత..."

"నువ్వు దంచితే మెత్తగా ఉంటుందిరా నాయనా" అన్నది అత్తగారు, కొత్త రోకలి తీసి సంచిలో వేస్తూ.

వసుంధర తన కొంగుముడి విప్పి బుల్లి సుత్తిని ఆయన చేతిలో పెట్టింది. పడవలో అందరూ చూస్తున్నారు. దక్షిణామూర్తి రోలు ఒళ్ళో పెట్టుకుని, అలవాటుగా టేకు వైపు తిప్పి, మళ్ళీ ఆలోచించి, ఇత్తడి వైపుతోనే దంచడం మొదలుపెట్టాడు. ఇక చప్పుడైతే మాత్రమేం?