యాభై మంది కావలెను

ఆ ఆదివారం పొద్దున్న ఎనిమిదిలోపు మేము చెయ్యాల్సిన పనులు ఇవి. ఫైరింజన్‌ను షెడ్డులోంచి బయటికి తోలాలి. నేల మీద ఆయిలు మరకలు కనపడకుండా పట్టా పరచాలి. ఓటు వేసే బల్లలకు పెన్సిళ్లు దారంతో కట్టాలి, ఎడమచేతివాటం వాళ్లకూ అందేంత దారం వదలాలి. చక్రాల కుర్చీ ఎక్కడానికి గుమ్మం దగ్గర చెక్క పలక వెయ్యాలి. అభ్యర్థుల జాబితా తలుపుకు అతికించాలి. పెట్టె ఖాళీగా ఉందని పోలింగ్ సిబ్బంది ఆరుగురమూ తొంగిచూసి, అప్పుడు తాళం వెయ్యాలి. ఫ్లాస్కులో కాఫీ పొయ్యాలి.

అన్నీ చేశాం. చెయ్యాల్సిన అవసరం పడని పని ఒక్కటే. ఓటర్లను వరసలో నిలబెట్టడం.

ఆ రోజంతా అక్కడ కూర్చుని ఆలోచించాక నేనొక నిర్ణయానికి వచ్చాను. ఓటు వెయ్యడానికి రానివాడే ప్రజాస్వామ్యానికి అసలైన సేవకుడు! నవ్వకండి. నేను పరిపాలనా శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. తాపీ మేస్త్రీ కొడుకుని, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. ఉత్తుత్తి మాటలు రాస్తే మా నాన్న ఊరుకోడు.

ముందు సంగతి చెబుతాను. తూర్పు జర్మనీ వైపున్న మా రాడెన్‌హాగెన్ పట్టణానికి మేయరు ఎన్నిక. రైలు పట్టాల అవతల ఉన్న మా పేటకు అగ్నిమాపక షెడ్డులో పోలింగ్ కేంద్రం. జాబితాలో నాలుగు వందల పన్నెండు పేర్లు. కేంద్రానికి అధ్యక్షురాలు రోస్వీతా గారు. డెబ్బై ఐదేళ్లు, చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, ముప్పై ఏళ్లుగా ఈ కుర్చీలో ఆమే. నేను గుమస్తాను.

ఎన్నికకు వారం ముందు మునిసిపల్ ఆఫీసు నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. పెట్టెలో యాభై కంటే తక్కువ ఓట్లు పడితే, ఎవరు ఎవరికి వేశారో పసిగట్టే ప్రమాదం ఉంది కాబట్టి, దాన్ని తెరవకుండా సీలు వేసి, పట్టాలు దాటి బడిలో ఉన్న కేంద్రానికి పట్టుకెళ్లి, అక్కడి ఓట్లలో కలిపి లెక్కపెట్టాలి. అది పాత నిబంధనే. దాని కింద కొత్త వాక్యం ఒకటి ఉంది. ఈసారి యాభై పడకపోతే మీ పేట కేంద్రాన్ని శాశ్వతంగా ఎత్తేస్తాం.

రోస్వీతా గారికి కావలసింది ఒక్కటే. తన పెట్టెను తన గదిలో, తన పేటవాళ్ల కళ్లముందు విప్పి లెక్కపెట్టాలి. నాలుగు వందల పన్నెండు మందిలో యాభై మంది. పెద్ద కోరికంటారా?

రాని మహానుభావుల సేవను ఒక్కసారి తలుచుకోండి. మేం పరిచిన పట్టా మీద సాయంత్రం దాకా మట్టి అంటలేదు. పెన్సిళ్ల ముక్కులు అరగలేదు. ఓటు వేసినవాడు పొరపాటు చెయ్యొచ్చు. వెయ్యనివాడు ఇంతవరకూ ఒక్క పనికిమాలిన మేయరునైనా ఎన్నుకున్నాడా? ఐదేళ్ల తర్వాత నీళ్ల పైపు పగిలినప్పుడు "నేను వీడికి వెయ్యలేదు" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగల నిజాయితీ ఇంకెవరికుంది?

ఇక వాళ్లకు క్రమశిక్షణ లేదనేవాళ్లు మా షెడ్డుకు ఎదురుగా ఉన్న రొట్టెల దుకాణాన్ని చూడాలి. ఆదివారం మూడు గంటలసేపే తెరుస్తారు. తొమ్మిదికల్లా నలభై మంది. చినుకులు పడుతున్నా ఒక్కరు కదల్లేదు, ఒక్కరు వరస తప్పలేదు. ప్రజాస్వామ్యానికి కావలసిన లక్షణాలన్నీ వాళ్లలో ఉన్నాయి, రోడ్డు దాటడం తప్ప.

మావాళ్లకు బన్నులు తేవడానికి వెళ్లి నేనూ ఆ వరసలో నిలబడ్డాను. నా ముందు ప్లంబరు రోనీ.

"ఏంటోయ్, ఇంజన్ బయట పెట్టారు? ఎక్కడన్నా తగలబడిందా?"

"ఎన్నికలు రోనీ. మేయరుకి."

"ఇవాళా? ఎవడూ చెప్పలేదే."

"నెల కిందటే నీ ఇంటికి కార్డొచ్చింది. నీ నెత్తి మీదే పోస్టరు వేలాడుతోంది."

రోనీ తలెత్తి చూశాడు. "ఈయనా? పళ్ల డాక్టరు ప్రకటన అనుకున్నా."

వరసలో పదిమంది నవ్వారు. నేనూ నవ్వాను.

"పది అడుగులు. రెండు నిమిషాల పని."

"వద్దామనే ఉంది కానీ, బన్నులు చల్లారిపోవూ? పిల్లలు ప్లేట్లు పట్టుకు కూర్చున్నారు. మీరు ఆరింటిదాకా ఉంటారుగా?"

"ఉంటాం."

"ఇంకేం, బోలెడు టైముంది."

చూశారా, తండ్రి ప్రేమ! పిల్లలకు గసగసాల బన్ను వేడిగా తినిపించాలన్న తపన ముందు, ఆ పిల్లల బడికి కప్పు వేయించేదెవరన్న ప్రశ్న ఎంత చిన్నది!

మధ్యాహ్నం కాత్రిన్ గారు సైకిలు మీద వచ్చి మా షెడ్డు గోడకే పోస్టరు అంటించబోయారు. ఊళ్లో ఈత కొలను మూసెయ్యకూడదని ఆమె ఉద్యమం నడుపుతున్నారు. ఇంటర్నెట్‌లో పదకొండు వందల నలభై సంతకాలు పోగుచేశారు. పోలింగ్ కేంద్రం గోడ మీద ఇవాళ ఏమీ అంటించకూడదని చెప్పి, ఎలాగూ వచ్చారుగా, ఓటు వేసి వెళ్లమన్నాను.

"మేం రాజకీయాలకు దూరమండీ," అన్నారామె. "మాది ప్రజల ఉద్యమం."

"కొలను మూసేదీ మూయనిదీ తేల్చేది మేయరే కదండీ."

"ఎవరొచ్చినా మా సంతకాలు చూసి దడుసుకోవాల్సిందే."

"ఆ వచ్చేదెవరో తేలేది ఈ గదిలోనే."

"అబ్బా, ఆ రొచ్చు మాకెందుకండీ," అని సైకిలెక్కారు. నిజమే. పదకొండు వందల మంది బొటనవేళ్లు అప్పటికే అలిసిపోయి ఉంటాయి. వాటితో మళ్లీ పెన్సిలు పట్టించడం క్రూరత్వం కాదూ?

మూడు గంటలకు ముప్పై ఒకటి. రోస్వీతా గారు అరగంటకోసారి అడుగుతున్నారు.

"ఎంతయింది నాయనా?"

"అంతే అండీ."

"లెక్క మళ్లీ చూడు. ఎవర్నైనా కలపడం మర్చిపోయావేమో."

"మర్చిపోడానికి ఎవరన్నా వస్తేగా."

ఆమె నవ్వి కాఫీ పోసుకున్నారు. "ఓటింగు శాతమే కావాలంటే మా రోజుల్లో ఉండేది. తొంభై ఎనిమిది! మధ్యాహ్నానికి రాకపోతే పెట్టెనే మోసుకుని ఇంటికొచ్చేవాళ్లు. తలుపు తియ్యక ఏం చేస్తావు?"

ఆ పాత తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వపు ఆఖరి ఎన్నికలో, ఎనభై తొమ్మిది మే నెలలో, లెక్కింపు చూడ్డానికి ఆమె ఒంటరిగా వెళ్లారట. చట్టం ప్రకారం ఎవరైనా వెళ్లొచ్చు, వెళ్లేవాళ్లే లేరు. కుర్చీ ఇవ్వలేదు. గోడకానుకుని నిలబడి విన్నారు.

"ప్రభుత్వ జాబితాకు వ్యతిరేకంగా ఎనభై మూడు అని పైకి చదివారు. నా చెవులతో విన్నాను. మర్నాడు పేపర్లో చూద్దును కదా, ఊరంతటికీ కలిపి ఇరవై ఒకటి!"

"మీరేమన్నారు?"

"వెళ్లి అడిగాను. ఫ్యాక్టరీలో నన్ను ఆఫీసు బల్ల మీంచి జిగురు పూసే మిషన్ దగ్గరికి మార్చారు." కప్పు కింద పెట్టారు. "ఓటు వెయ్యడం సగం పనే నాయనా. వేసిన గదిలోనే విప్పించుకోవడం మిగతా సగం."

ఇక్కడే మా పేటవాళ్ల గొప్పతనం మీరు గమనించాలి. ఆనాడు అంకె మాయం చెయ్యడానికి ఎంతమంది అధికారులు నిద్ర మానుకుని పనిచేశారో! ఈనాడు ఎవరూ దొంగలెక్క రాయక్కర్లేదు. ఎవరూ ఎవర్నీ భయపెట్టక్కర్లేదు. మా పెట్టెను మేమే సీలు వేసి, మా కారులోనే ఎక్కించి, మా పెట్రోలుతోనే అవతలికి పంపిస్తాం. స్వేచ్ఛ అంటే ఇదే కదా?

ఐదున్నరకు నలభై ఆరు. వీధిలో సాసేజీలు కాల్చే పొగ కమ్ముకుంది, రోనీ పెరట్లోంచే. వాకరు పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి నలభై ఏడయ్యాడు. ఆరుకు పది నిమిషాలుండగా ఆసుపత్రి డ్యూటీ దిగిన ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి నలభై ఎనిమిదయింది. గడియారం ఆరు కొట్టింది. రోస్వీతా గారు లేచి తలుపు దగ్గర రోడ్డుకు అటూ ఇటూ చూసి, మూసి, ఎన్నిక ముగిసిందని పైకి చెప్పారు. నిబంధన ప్రకారం చెప్పాలి.

ఫారం నింపడానికి జాబితా నా ముందుకు లాక్కున్నాను. తపాలాలో ఓటు వేసినవాళ్ల పేర్ల పక్కన ఒక అక్షరం ఉంటుంది. వాళ్ల ఓట్లు ఆఫీసులోనే లెక్కిస్తారు, మా పెట్టెలోకి రావు. షెడ్డుకు ఎదురుగా, రొట్టెల దుకాణం పక్కింటి నంబరు దగ్గర అలాంటివి రెండున్నాయి. ఒకటి నా భార్యది. రెండోది నాది. ఆదివారం హడావిడి ఎందుకని మూడు వారాల కిందటే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కవర్లు అంటించి పంపేశాం. మేమిద్దరం రోడ్డు దాటి ఉంటే యాభై.

జాబితా రోజంతా ఆమె చేతిలోనే ఉంది.

"మీకు తెలుసా?" అన్నాను.

"పొద్దున్నే చూశాలే. నువ్వు వేశావు కదా నాయనా. వేసినవాణ్ణి ఏమంటాను?"

పెట్టె నేను మోస్తానంటే ఇవ్వలేదు. బడిలో మా నలభై ఎనిమిది కాగితాలను ఆరువందల కాగితాల కుప్పలో గుమ్మరించి చేతులతో కలిపేశారు. మా పేట ఏమన్నదో ఇక ఎవరికీ తెలియదు.

ఇంత పొగిడాక మిమ్మల్ని ఓటెయ్యమని అడగడానికి నాకు ముఖం చెల్లదు. ఒక్క మనవి మాత్రం చేసుకుంటాను. ఇక మా పేటకు పెట్టె రాదు, ఆ కుర్చీ ఉండదు, ఆఫీసు ఉత్తరాల మీద ఆమె పేరూ ఉండదు. మీరన్నా గుర్తుపెట్టుకోండి. రోస్వీతా లీబ్‌షర్.