ఆరో ఇంటికి రాని అట్ట

మానవ నాగరికత నిప్పుతో మొదలైందని కొందరు, చక్రంతో మొదలైందని మరికొందరు కొట్టుకు చస్తుంటారు. వాళ్లెవరూ జపాన్‌లో, తోయామాలో మా మూడో వాడ మొహం చూసినవాళ్లు కారు. నాగరికత సర్క్యులర్ అట్టతో మొదలైంది. అట్టకొక క్లిప్పు, క్లిప్పు కింద కాగితాలు, కాగితం అడుగున ఇంటికో గడి. చదవాలి, తన గడిలో తన పేరు ముద్ర కొట్టాలి, పక్కింటి తలుపు పిడికి తగిలించాలి. కాలువ ఎప్పుడు శుభ్రం చేయాలి, కాకులు చింపకుండా చెత్త సంచుల మీద వల ఎలా కప్పాలి, ఈ సమస్త జ్ఞానమూ అట్ట మోసుకొస్తేనే తెలుస్తుంది.

వాడలో పన్నెండు ఇళ్లు. అట్టలో పదకొండు గడులు.

ఆరో ఇంట్లో ఇలింకా ఉంటుంది. రుమేనియా పిల్ల, ఇరవయ్యారేళ్లు, కళ్లద్దాల కంపెనీలో ఉద్యోగం. మూడేళ్లుగా అట్ట ఐదో ఇంటి నుంచి ఏడో ఇంటికి ఆమె గుమ్మం ముందు నుంచే పోతోంది గానీ ఒక్కనాడూ ఆగలేదు. (దీన్ని వెలి అనకూడదు. వాడ సంఘం నిబంధనల్లో దీని పేరు ‘ఇబ్బంది కలిగించకపోవడం’.)

ఒక ఆదివారం ఉదయం కాఫీ కప్పుతో తలుపు తీసేసరికి వాడంతా రబ్బరు బూట్లతో కాలువలో ఉంది. ఆమె ఇంటి ముందు బురదను డెబ్బై ఏళ్ల ముసలాయన ఎత్తిపోస్తున్నాడు.

“అయ్యో, నన్ను పిలవలేదేంటండీ?”

“అబ్బెబ్బే! ఈ బురద మీకెందుకమ్మా? హాయిగా కాఫీ తాగండి.”

ఇలింకాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తక్కినవాళ్లు తన వంతు పని కూడా చేసేస్తుంటే, తను మూడేళ్లుగా చుట్టంలా కూర్చుని ఉంది. ఏమైనా సరే, అట్టలో తనకో గడి కావాలని ఆ పూటే పట్టుబట్టింది.

సంఘం అధ్యక్షుడు సుగినుమా, రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆమె మాట విని పళ్ల సందుల్లోంచి గాలి పీల్చి, “అది... కొంచెం...” అన్నాడు. (ఈ వాక్యం చివర ఏముంటుందో విన్నవాళ్లు ఇంతవరకూ లేరు.) అయినా మనిషి మంచివాడు. ఆరో ఇంటికి అట్ట పంపితే ఆమెకు భారమవుతుందా అని కనుక్కోవడానికి ఒక అట్ట తిప్పాడు. భారమే కావచ్చని పదకొండు ఇళ్లూ ముద్ర కొట్టాయి. ఆమెనే అడిగితే పోయేది. కానీ అట్ట ఆ ఇంటికి వెళ్లదు కదా.

ఇలింకా బుర్ర చించుకుంది. చివరికి దొరికింది. ఇక్కడ ఇల్లు మారినవాళ్లు ఇరుగుపొరుగుకు మిఠాయి ఇచ్చి పలకరించాలి. వచ్చిన కొత్తలో ఆ సంగతి తెలియక ఊరుకుంది. ఇన్నాళ్ల దూరానికి కారణం అదే! పదకొండు మిఠాయి డబ్బాలు కొని, నల్ల కోటు వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి నడుం వంచింది. “ఇన్నాళ్లూ మీ దయవల్ల చల్లగా ఉన్నానండీ” అంది.

ఏడో ఇంటి కురోబే బామ్మ ఆమె చేతులు పట్టుకుని భోరుమంది. “ఎంత మంచి పిల్లవే తల్లీ! ఒక్కనాడు పిలిచి ఇంత అన్నం పెట్టలేదు, నా మతి మండ!”

ఇలింకా కళ్లూ నిండాయి. ఇంత చిన్న పని ముందే చేసి ఉంటే ఎంత బాగుండేదనుకుంది.

వారం తిరక్కుండా ఆరో ఇంటి తలుపు పిడికి అట్ట వేలాడింది. పన్నెండు గడులు, చివరిది ఆమెది! ఇలింకా ఫొటో తీసి వాళ్లమ్మకు పంపింది. ఆ తర్వాత చదివింది.

‘ఇలింకా గారు స్వదేశానికి వెళ్లిపోతున్న సందర్భంగా వీడ్కోలు విందు. ఇరవై నాలుగు భోజనం డబ్బాలు ఆర్డరు ఇవ్వడమైనది.’ కింద పదకొండు ముద్రలు.

మిఠాయి డబ్బాలు రెండే సార్లు పంచుతారు, ఇంట్లో దిగినప్పుడు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు. మూడో ఏట పంచినవాళ్లు ఎందుకు పంచారో వేరే చెప్పాలా? (ఆమెనే అడగొచ్చు. అది మర్యాద కాదు.)

అట్ట పట్టుకుని సుగినుమా ఇంటికి పరుగెత్తింది. “నేనెక్కడికీ పోవట్లేదండీ!”

“పదకొండు ముద్రలు పడ్డాయమ్మా.”

“రద్దు చేయండి!”

“భేషుగ్గా చేద్దాం. దానికి ఇంకో అట్ట తిప్పాలి. ఇది పూర్తయితే గానీ అది బయల్దేరదు. ఇది చూస్తే...” ఆయన గొంతు తగ్గించాడు. “పొద్దుటి నుంచి మీ దగ్గరే ఆగిపోయింది.”

“అంటే, వెళ్లిపోతానని ముద్ర కొడితేనే వెళ్లనని చెప్పొచ్చా?”

“ఎంత చక్కగా చెప్పారమ్మా!”

“ఆ రెండో అట్టలో నాకు గడి ఉంటుందా?”

సుగినుమా నొచ్చుకున్నాడు. “ఎలా ఉంటుందమ్మా? అప్పటికి మీరు వెళ్లిపోతున్నట్టు తీర్మానమై ఉంటుంది కదా.”

ఇలింకా ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుంది. ముద్ర కొట్టకపోతే, వాడ చరిత్రలో అట్టను ఆపిన మొదటి మనిషి తనే. విదేశీయులకు పంపితే ఇంతేనని ఇకమీదట ఎవరికీ పంపరు. కొడితే తను ఉండదు. మూడేళ్లు దక్కని గడి అది. ముద్రను సిరాలో అద్ది, నిటారుగా పట్టి నొక్కింది. అట్టను తనే తీసుకెళ్లి ఇచ్చింది.

సుగినుమా కళ్లద్దాలు పెట్టుకుని ఆ గడిని చాలాసేపు చూశాడు. “సరిగ్గా నడిమధ్యన పడింది! గీత ఎక్కడా దాటలేదు. అచ్చం మనవాళ్ల పనే. మీలాంటి మనిషిని పంపించాలంటే మనసొప్పడం లేదమ్మా” అని, వీడ్కోలు తేదీ ఖరారు చేశాడు.