నూట పదమూడేళ్ళ కొత్త బడి

"సెయింట్ విక్టర్ బ్రిటిష్ ప్రిపరేటరీ స్కూల్. నూట పదమూడేళ్ళ ఘన చరిత్ర." వడమాలపేట దగ్గిర హైవే పక్కన ఈ ఫ్లెక్సీ పడింది, చూసినారా? చూడకుంటే పోయి చూడండప్పా. పోయిన ఎండాకాలం ఆడ మామిడితోట ఉన్నింది. పది నెలల్లో నూట పదమూడేళ్ళు పూర్తి చెయ్యడమంటే మాటలా?

అంతా ఆ బడి కరస్పాండెంట్ రఘునాథ్ గారి కష్టం. ఆయన లండన్ పోయి వారం దినాలు ఉండి, ఆడి ప్రిపరేటరీ స్కూళ్ళు చూసొచ్చినాడు. ఆడ పిల్లోళ్ళకంటే ముందు చరిత్ర ఉండాలంట. ఆ పైన నోటబుల్ అలమ్నై, అంటే పేరుమోసిన పాత విద్యార్థులు. వాళ్ళ పేర్లు చెక్కబోర్డు మీద బంగారు అక్షరాలతో రాస్తారంట. రఘునాథ్ గారు తిరుపతిలో బోర్డు చేయించినాడు. రాసేదానికి పేర్లే లేవు.

ఓపెనింగుకు పిలిచేదానికని మన మంత్రి మునిరామయ్య గారింటికి వచ్చినాడు. పార్టీలో ముప్పై ఏండ్లుగా కుర్చీలు వేసేది నేనే కాబట్టి, నేనూ ఆడే ఉన్నా.

"అన్నా, బోర్డులో మొదటి పేరు మీదే."

"రాసుకోబ్బా. కానీ నేను చదివింది మా ఊరి సర్కారు బడి గదా? ఎప్పుడో 1911లో తెల్లదొర కట్టించిన బడి అది."

రఘునాథ్ గారు కుర్చీలోంచి లేసినాడు. "తెల్లదొరనా? అయితే అది బ్రిటిష్ బడే గదన్నా!"

"ఇన్నాళ్ళూ నాకు తట్టలేదే" అన్నారు మంత్రిగారు. ఇంత నిజాయితీగా ఒప్పుకునే నాయకుడు యాడుండాడు?

మర్నాడే మూడు కార్లలో ఆ బడికి పోయినాం. అది మా ఊరి బడే. ఇంకా జరగతా ఉండాది. పద్నాలుగు మంది పిల్లోళ్ళు, ఒక్క టీచరు, కృపామణి మేడం. నా మనవరాలు భవిత ఆడే ఒకటో తరగతి. మేడం చేతులు జోడించింది.

"సార్, బడి మూసేస్తారంటా ఉండారు. మూసేస్తే ఈ చిన్నపిల్లోళ్ళు హైవే దాటి పోవల్ల. మీరే చూడండి సార్."

"నేను చదివిన బడి నేనే మూస్తానామ్మా? ముందు ఆ రిజిస్టర్లు ఇయ్యి. కంప్యూటర్‌లో ఎక్కించి పంపిస్తా."

మేడం సంతోషంతో ట్రంకుపెట్టె మొత్తం ఇచ్చేసింది. ఈ ఏడాది రిజిస్టరు కూడా అందులోనే పెట్టింది, అది కూడా కంప్యూటర్‌లో ఎక్కుతుందని.

పెట్టె నేరుగా బ్రిటిష్ బడికి పోయింది. రిజిస్టర్లో మంత్రిగారి పేరు దొరికింది. మూడో తరగతి. బడి మానిన కారణం: మేకలు. బ్రిటిష్ బడి ఇంగ్లీషు టీచరు జెస్సీ దాన్ని బోర్డు మీదికి "లెఫ్ట్ ఫర్ ఫీల్డ్ స్టడీస్" అని దించింది. నేను అయిదో తరగతిలో రెండేండ్లు కూచున్నా గదా, దాన్ని "అడ్వాన్స్‌డ్ కోర్స్" అనింది. సదువుకున్నోళ్ళు సదువుకున్నోళ్ళే.

ఓపెనింగు ఘనంగా జరిగింది. మంత్రిగారు టై కట్టుకోని కన్నీళ్ళు పెట్టుకున్నారు. టై బిగువయ్యిందని కొందరన్నారు గానీ, నమ్మొద్దండి.

వారానికి మా ఊరి బడికి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చినాడు.

"రిజిస్టరు యాడ మేడం?"

"మంత్రిగారు తీసుకోనిపోయినారు సార్."

"రిజిస్టరు లేదు. అంటే ఈడ ఎవురూ చేరలేదు."

"పద్నాలుగు మంది మీ ఎదురుగానే కూచోనుండారు గదా సార్?"

"కూచునేదానికేముంది మేడం, ఎవురైనా కూచుంటారు. చేరినట్టు కాయితం కావల్ల."

మేడం మంత్రిగారికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది కాబట్టి నేనూ విన్నా.

"బడి యాడికీ పోలేదమ్మా. టైల్స్ వేసి, ఏసీ పెట్టి, హైవే మీదికి తెచ్చినాం. నువ్వు సంతోషపడల్ల!"

"మరి పిల్లోళ్ళు సార్?"

"వాళ్ళ పేర్లు భద్రంగా ఉండాయి. నువ్వేం దిగులుపడొద్దు."

సాయంత్రానికి తాళం పడింది.

హైవే అవతలి సర్కారు బడిలో చేర్చాలంటే టీసీ కావల్లన్నారు. రిజిస్టర్లు ఉండేది ఆడే గదా, భవితను ఎత్తుకోని బ్రిటిష్ స్కూలుకు పోయినా. వాచ్‌మన్ గేటు సందులోంచి కాయితం చేతికిచ్చినాడు. ఎంత నున్నటి కాయితమో! ప్రిపరేటరీ స్కూల్లో చదివి వెళ్ళిపోయిందని, నడవడిక చాలా మంచిదని రాసుండాది.

"అబ్బా, పాపకు ఒకసారి లోపల చూపిస్తా" అన్నా.

"కుదరదు పెద్దాయనా. పాత విద్యార్థులకు యానివర్సరీ రోజే ప్రవేశం."

భవితకు అప్పుడే చెప్పినా, యానివర్సరీకి ఇంకో ఏడు నెలలు ఓపిక పట్టమని.