సంకల్పంలో పడిన హెచ్చరిక

ఉదయం ఏడూ ఇరవైకి జమ్మలమడుగులో, తన కొత్త ఇంట్లో పీటల మీద కూర్చున్న బట్టల వ్యాపారి బాలసుబ్రహ్మణ్యం, చేతిలో అక్షతలతో, బంధువులందరి ముందు ఇలా పలికాడు: "ఈ విధానము పాతబడినది. అధిక మాసము నుండి పనిచేయదు. కొత్తది వాడవలెను." పురోహితుడు గురురాజారావు ఫోన్ చూసి చదివాడు, యజమాని తిరిగి చెప్పాడు. సంకల్పం ఎక్కడైనా అలాగే చెప్పిస్తారు.

గుమ్మం దగ్గర కాఫీ తాగుతున్న అపర్ణకు పొలమారింది. ఆ మూడు వాక్యాలూ రాసింది ఆమే.

అపర్ణ గురురాజారావు కూతురు. ప్రొద్దుటూరులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. ఆ పొద్దున తండ్రిని స్కూటర్ మీద ఇక్కడ దించి, టిఫిన్ చేసి వెళ్లిపోవాలన్నది ఆమె ప్లాను. మాసం, తిథి, నక్షత్రం లెక్కగట్టే కోడ్ రాసి, తండ్రి పేరు పెట్టి, ఎవరైనా వాడుకునే లైబ్రరీగా నెట్‌లో ఉంచింది. పులివెందుల సునీల్ దాంతో సంకల్పం యాప్ చేశాడు. ఈ మూడు ఊళ్ల పురోహితుల ఫోన్లలోనూ ఇప్పుడు అదే ఉంది.

చిక్కల్లా సునీల్ వాడుతున్న పాత కోడ్‌తోనే. దానికి అధిక మాసం తెలియదు. తెలిసిన కొత్త కోడ్‌ను అపర్ణ ఎప్పుడో నెట్‌లో పెట్టినా సునీల్ దానికి మారలేదు. ఆ నెల వస్తే మాసం పేరు తప్పు చెబుతుంది. ఎవరింట్లోనైనా తద్దినం నాడు తప్పు మాసం పలికితే పోయేది గురురాజారావు పేరు.

అందుకని అపర్ణ ముందు ఇంగ్లీషులో హెచ్చరిక పెట్టింది. అది ప్రోగ్రామర్ తెర మీద మాత్రమే కనబడుతుంది. నెల గడిచినా సునీల్ కదల్లేదు. ఫోన్ చేసింది.

"ఆ పసుప్పచ్చ అచ్చరాలు దినామూ వస్తాంటాయి గదక్కా! అవన్నీ సదువుతా కూసుంటే పనెప్పుడు చేసేది?" అన్నాడు.

ఆమె హెచ్చరికను తెలుగులోకి మార్చి, యాప్‌లో సరిగ్గా తిథి పక్కన వచ్చేట్టు చేసింది. పరీక్షించేటప్పుడైనా అతని కంట పడుతుందని ఆమె లెక్క. సునీల్ పరీక్షించలేదు. సాయంత్రానికే ఆ మార్పుతో యాప్‌ను అందరి ఫోన్లకూ పంపేశాడు.

"ఏంది స్వామీ, మొన్న రంగులేసిన ఇల్లు అప్పుడే పాతబడిందా?" అని పీటల మీద నుంచే అడిగింది యజమాని భార్య కన్యకాపరమేశ్వరి.

గురురాజారావు తల ఎత్తలేదు. "అది అట్లే చెప్పాలమ్మా. కొత్తగా చేర్చినారు."

"పనిచేయదంటాండారే, ఏది పనిచేయదు?" అంటూ ఆమె తమ్ముడు లేచాడు. బోరు మోటారు వేసి చూశాడు. తిరిగింది. అయినా మేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ తన పనిలో లోపం లేదని, ఉంటే కరెంటులో ఉండొచ్చని అన్నాడు. కరెంటు పని చేసిన షంషుద్దీన్‌ను పిలిచారు.

"నా పనికి ఏం తక్కువైందమ్మా?"

"మంత్రంలోనే వచ్చింటే కాదంటావేందప్పా? విప్పు!"

షంషుద్దీన్ కోపంగా బోర్డులు విప్పడం మొదలుపెట్టాడు. పాలు పొంగేసరికి ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. అపర్ణ తండ్రిని వంటింట్లోకి పిలిచింది.

"నాన్నా, అది మంత్రం కాదు. సునీల్‌కు రాసింది."

"సగం చదివినాక తెలిసిందమ్మా. అప్పటికే ఆయన నోట్లోకి పోయింది, ఎట్ల వెనక్కి తీసుకుందును?"

"నేనిప్పుడే చెప్పేస్తా."

ఆమె హాల్లోకి వచ్చేసరికి అందరూ మెయిన్ బోర్డు ముందు గుమిగూడి ఉన్నారు. బోర్డు వెనక తీగలోకి మేకు దిగి ఉంది. తీగ మాడిపోయి ఉంది.

"ఈ మేకు ఎవురిది?" అన్నాడు షంషుద్దీన్.

మేస్త్రీ మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. బాలసుబ్రహ్మణ్యం వచ్చి గురురాజారావు కాళ్లకు దండం పెట్టాడు. "ముందే చెప్పినారు స్వామీ. లేకుంటే ఇల్లు కాలిపోతాండె!"

అపర్ణ చెప్పదలచుకున్నది చెప్పకుండానే ఇంటికి వెళ్లింది. ఆమె ఫోన్‌లో పెట్టిన చీవాట్లకు సునీల్ సంగతేమిటో అడక్కుండానే ఆ రోజే కొత్త కోడ్‌కు మారాడు. హెచ్చరిక పోయింది.

వారం తిరగకముందే సునీల్ నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, పులివెందులలో శానా గొడవగుంది. బాలసుబ్రహ్మణ్యం తోడల్లుడు వ్రతం చేయించుకున్యాడు. జమ్మలమడుగులో చెప్పిన మంత్రం మాకెందుకు తగ్గించినారని స్వామిని పీటల మీద నుంచి లేయనీలేదంట. మిగతా స్వాములూ అడగతాండారు. యాడుందక్కా అది?"

"అది నీకు రాసిన హెచ్చరిక సునీల్!"

"నాకు రాసిందా? నేను సూడనే లేదే!"

స్వాముల పోరు పడలేక సునీల్ ఆ మూడు వాక్యాలనూ యాప్‌లో తిరిగి పెట్టాడు. అధిక మాసం వచ్చింది. మూడు ఊళ్లలోనూ మాసం పేరు సరిగ్గానే పలికారు. తిథి తర్వాత, ఈ విధానము పాతబడినదని కూడా పలికారు.